ఐఈఎల్‌టీఎస్‌లో ఏ సెక్షన్‌లో ఏముంటుంది, మన వైపు వాళ్ళకు మార్కులు ఎక్కడ పోతాయి

అమ్మా, మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుంటాను, మిగతావాళ్ళకు కూడా అర్థం కావాలి కదా. ఇల్లు రాయగడ, ఇంట్లో తెలుగు, పదో తరగతి దాకా ఒడియా మీడియం, బీఎస్సీ నర్సింగ్ అయ్యి ఇప్పుడు బరంపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ. యూకే వెళ్ళాలని ఉంది, విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో ఎన్ని సెక్షన్లు ఉంటాయో, దేంట్లో ఏం అడుగుతారో తెలియదు. 'స్పీకింగ్ ఒక్కటి వస్తే మిగతాది అదే వస్తుంది' అని ఎవరో చెప్పారు. తమ్ముడేమో కెనడా అంటున్నాడు, వాడికీ ఇదే పరీక్షా అని. ఇంతే కదా?

స్పీకింగ్ వస్తే చాలన్న మాట మాత్రం నమ్మకండి. చాలా ఏళ్ళుగా బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు పిల్లలకు ఈ పరీక్షకు చెబుతున్నాను. అందరూ భయపడేది స్పీకింగ్‌కే, డబ్బు కట్టి నేర్చుకునేదీ అదే, తీరా రిజల్ట్ వచ్చాక చూస్తే స్పీకింగ్‌లో పర్వాలేదనిపించే బ్యాండే (స్కోరే) ఉంటుంది, రైటింగ్ దగ్గర అర బ్యాండో ఒక బ్యాండో తగ్గి మొత్తం దరఖాస్తు ఆగిపోతుంది. అందుకని నా సమాధానంలో కూడా రైటింగ్‌కే ఎక్కువ చోటు ఇస్తున్నాను, విసుక్కోకండి.

పరీక్ష మొత్తం నాలుగు సెక్షన్లు: లిజనింగ్, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్. మొదటి మూడూ ఒకే రోజు వరసగా, మధ్యలో బ్రేక్ లేకుండా జరుగుతాయి. స్పీకింగ్ అదే రోజు ఉండొచ్చు, వేరే రోజు కూడా పడొచ్చు. అన్నీ కలిపి రెండు గంటల నలభై ఐదు నిమిషాల లోపే. ఒక్కో సెక్షన్‌కు 0 నుంచి 9 దాకా బ్యాండ్ ఇస్తారు, 6.5 లాంటి అరలు కూడా ఉంటాయి, నాలుగింటి సగటే ఓవరాల్. పాస్, ఫెయిల్ అనేది ఈ పరీక్షలో లేదు, ఎంత కావాలో నిర్ణయించేది మిమ్మల్ని తీసుకునే సంస్థ. బ్రిటిష్ కౌన్సిల్, ఐడీపీ, కేంబ్రిడ్జ్ అనే మూడు సంస్థలు కలిసి నడిపే పరీక్ష ఇది. మన దేశంలో 2021 నుంచి నిర్వహణ ఐడీపీ చేతికి వచ్చింది, కాబట్టి బుకింగ్ వాళ్ళ దగ్గరే.

సగటు ఎలా తీస్తారో చాలామందికి తెలియదు, తెలిస్తే కొంత టెన్షన్ తగ్గుతుంది. పాయింట్ తరువాత 25 వస్తే పై అరకు, 75 వస్తే పై పూర్ణాంకానికి పెంచుతారు. అంటే 6.5, 6.5, 6, 6 వస్తే సగటు 6.25, మీ చేతికి వచ్చేది 6.5. కానీ నర్సులకు ఈ ఓవరాల్ ఒక్కటే సరిపోదు. యూకేలో నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఎన్‌ఎంసీ, అంటే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్, అకడమిక్ ఐఈఎల్‌టీఎస్‌లో ఓవరాల్ 7తో పాటు లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 7, రైటింగ్‌లో 6.5 అడుగుతుంది. ఒకప్పుడు రైటింగ్‌లో కూడా 7 ఉండేది, 2018 చివర్లో అర తగ్గించారు. ఎందుకు తగ్గించారో ఊహించుకోండి, మనవాళ్ళే కాదు, ప్రపంచమంతా అక్కడే తడబడుతోంది. రెండు సిట్టింగుల మార్కులు కలిపి చూపించుకునే వెసులుబాటు కూడా ఎన్‌ఎంసీ ఇస్తుంది. దానికి షరతులున్నాయి, అప్లై చేసే ముందు వాళ్ళ సైట్‌లోనే చదువుకోండి, ఏజెంట్ నోటి మాట మీద వెళ్ళకండి.

ఇంకో మాట, పరీక్షలో అకడమిక్ అని, జనరల్ ట్రైనింగ్ అని రెండు రకాలు. లిజనింగ్, స్పీకింగ్ రెండింటికీ ఒకటే. రీడింగ్, రైటింగ్ మారతాయి. మీకు కావాల్సింది అకడమిక్. బుక్ చేసేటప్పుడు ఈ ఒక్క బటన్ తప్పు నొక్కి ఫీజు మొత్తం పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

లిజనింగ్ గురించి. సుమారు ముప్పై నిమిషాలు, నాలుగు భాగాలు, నలభై ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. మొదటి భాగంలో ఇద్దరి మాటలు: ఇల్లు అద్దెకు అడగడం, ఏదో క్లాసులో చేరడం లాంటివి, మీరు ఫారం నింపాలి. రెండోదాంట్లో ఒక్కరే మాట్లాడతారు, ఒక పార్కు గురించో లైబ్రరీ గురించో, తరచుగా మ్యాప్ ఇచ్చి ఏది ఎక్కడుందో గుర్తించమంటారు. మూడోది చదువుకు సంబంధించినది, విద్యార్థులు ప్రాజెక్టు గురించి మాట్లాడుకుంటూ ఉంటారు, మధ్యలో టీచర్ కూడా ఉండొచ్చు. నాలుగోది లెక్చర్, మధ్యలో ఆగదు. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, అమెరికన్, ఇంకా ఇతర యాసలు వస్తాయి.

మీకు దీంట్లో ఒక అనుకూలత ఉంది. డాక్టర్‌గారు రౌండ్స్‌లో చెప్పుకుంటూ వెళ్ళిపోతుంటే మీరు నడుస్తూనే కేస్ షీట్ మీద మందు, డోసు, టైము రాసుకుంటారు కదా, లిజనింగ్ సరిగ్గా అదే పని. ఒక మాట తప్పిపోతే దాన్ని వదిలేసి తరువాతిది పట్టుకోవాలి. పోయినదాని గురించి ఆలోచిస్తూ కూర్చుంటే ఇంకో మూడు పోతాయి.

పోయేది ఎక్కడంటే చిన్న చిన్నవాటిలో. ఫోన్ నంబర్‌లో సున్నాను 'ఓ' అంటారు, 'డబుల్ సెవెన్' అంటారు. పేర్లను అక్షరం అక్షరం చెబుతారు, అప్పుడు ఏ, ఇ, ఐ అక్షరాల దగ్గర, జి, జె దగ్గర మనవాళ్ళు తడబడతారు, ఎందుకంటే మనం బళ్ళో అక్షరాలు రాయడం నేర్చుకున్నాం గానీ వినడం నేర్చుకోలేదు. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకుని పేర్లు, పిన్‌కోడ్‌లు ఇంగ్లీషులో చెప్పమని రోజూ కాసేపు రాసుకోండి, ఇంతకన్నా చవకైన కోచింగ్ లేదు. మాట్లాడేవాళ్ళు ముందు మంగళవారం అని, 'అయ్యో కాదు, గురువారం' అని దిద్దుకుంటారు. మొదటిది రాసేసి పెన్ను పక్కన పెట్టేసినవాళ్ళు దెబ్బతింటారు. 'నో మోర్ దేన్ టూ వర్డ్స్' అని ఉంటే మూడు పదాలు రాస్తే జవాబు సరైనదైనా మార్కు రాదు. స్పెల్లింగ్ తప్పినా రాదు, అకామడేషన్‌లో రెండు సి అక్షరాలు, రెండు ఎం అక్షరాలు ఉంటాయని ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. బ్రిటిష్ స్పెల్లింగ్, అమెరికన్ స్పెల్లింగ్ రెండూ ఒప్పుకుంటారు. నెగెటివ్ మార్కులు లేవు, ఖాళీ మాత్రం వదలొద్దు.

కాగితం మీద రాసే పరీక్ష ఉన్నచోట జవాబులు షీట్‌లోకి ఎక్కించడానికి పది నిమిషాలు ఇస్తారు. కంప్యూటర్ మీద అయితే ఆ పది నిమిషాలు ఉండవు, సరిచూసుకోవడానికి రెండు నిమిషాలే. ఇప్పుడు ఎక్కువమంది రాసేది కంప్యూటర్ మీదే, కాబట్టి వింటూనే టైప్ చేయడం అలవాటు చేసుకోండి.

రీడింగ్‌కు అరవై నిమిషాలు, మళ్ళీ నలభై ప్రశ్నలే. అకడమిక్‌లో మూడు పెద్ద పాసేజ్‌లు, అన్నీ కలిపి రెండు వేల నూటయాభై నుంచి రెండు వేల ఏడువందల యాభై పదాల దాకా. పత్రికల నుంచి, పుస్తకాల నుంచి తీసుకున్నవి, సబ్జెక్ట్ జ్ఞానం అక్కర్లేదు. జవాబులు ఎక్కించడానికి విడిగా టైమ్ ఇవ్వరు. మొదటి పాసేజ్ తేలిక, చివరిది బరువు, కాబట్టి ఇరవై ఇరవై ఇరవై అని సమానంగా పంచుకోవడం నాకు నచ్చదు. మొదటిదాన్ని పదిహేను, పదహారు నిమిషాల్లో ముగిస్తే చివరిదానికి ఊపిరి పీల్చుకునే వీలుంటుంది.

పాసేజ్ మొత్తం మొదటి నుంచి చివరి దాకా చదివి, మనసులో తెలుగులోకో ఒడియాలోకో మార్చుకుని, ఆ తరువాత ప్రశ్నలకు వెళ్ళడం మన బళ్ళ అలవాటు. దానికి ఇక్కడ టైమ్ లేదు. ముందు పాసేజ్‌ను పైపైన చూసి ఏ పేరా దేని గురించో పట్టుకోండి, తరువాత ప్రశ్న చదివి ఆ చోటికి వెళ్ళండి. ఖాళీలు పూరించడం, ట్రూ ఫాల్స్ లాంటివి మామూలుగా పాసేజ్‌లో ఉన్న వరసలోనే వస్తాయి. పేరాలకు హెడింగ్‌లు జతపరచడం మాత్రం అలా రాదు.

అందరూ తిట్టుకునే ప్రశ్న ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్. ఒక ఉదాహరణ చెబుతాను. పాసేజ్‌లో 'కోరాపుట్ కాఫీని కొండవాలుల్లో చెట్ల నీడన పండిస్తారు' అని ఉందనుకోండి. ప్రశ్నలో 'కోరాపుట్ కాఫీ మొక్కలకు నీడ ఉండదు' అని ఇస్తే ఫాల్స్, ఎందుకంటే పాసేజ్ దానికి ఎదురు చెబుతోంది. 'కోరాపుట్ కాఫీ అరకు కాఫీ కన్నా రుచి' అని ఇస్తే నాట్ గివెన్. మనం జయపురం వాళ్ళమైతే వెంటనే ట్రూ పెట్టేస్తాం, అరకు వాళ్ళమైతే ఫాల్స్ పెట్టేస్తాం! పాసేజ్ రుచి మాటే ఎత్తలేదు. మీకు బయట తెలిసినది ఏదీ ఇక్కడ పనికిరాదు. ముఖ్యంగా ఆరోగ్యం గురించిన పాసేజ్ వస్తే నర్సులే ఎక్కువ తప్పులు పెడతారు, వాళ్ళకు తెలిసిన జవాబు పాసేజ్‌లో ఉందేమోనన్న భ్రమలో.

లెక్క కావాలంటే, లిజనింగ్‌లో నలభైకి సుమారు ముప్పై సరైతే 7, ఇరవై మూడుకు 6, ముప్పై ఐదుకు 8. అకడమిక్ రీడింగ్ కూడా దాదాపు ఇంతే. ఒక్కో ప్రశ్నపత్రానికి ఒకటి అటూ ఇటూ అవుతుంది. అంటే మీకు 7 కావాలంటే పది తప్పులు చేయొచ్చు. ఇది తెలిసిన పిల్లల ముఖం మారిపోతుంది, నూటికి నూరు రావాలని అనుకుంటూ ఉంటారు పాపం.

ఇక రైటింగ్. అరవై నిమిషాలు, రెండు పనులు. టాస్క్ వన్‌లో కనీసం నూటయాభై పదాలు, టాస్క్ టూలో కనీసం రెండువందల యాభై. టాస్క్ టూకు మార్కుల విలువ టాస్క్ వన్‌కు రెండింతలు, అందుకే ఇరవై నిమిషాలు, నలభై నిమిషాలు అని పంచుకోమంటారు. టాస్క్ వన్‌లో గీసిన గ్రాఫ్ అందంగా ఉందని దాని మీదే అరగంట కూర్చుని, పెద్ద ప్రశ్నకు ముగింపు రాయకుండా లేచివచ్చేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

అకడమిక్ టాస్క్ వన్‌లో ఒక గ్రాఫో, టేబులో, మ్యాపో, ఏదైనా తయారయ్యే పద్ధతి బొమ్మో ఇచ్చి వర్ణించమంటారు. చూసింది చెప్పాలి, కారణాలు ఊహించకూడదు, మీ అభిప్రాయం రాయకూడదు. ప్రతి అంకె రాయక్కర్లేదు. మొత్తం మీద ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పే ఓవర్‌వ్యూ మాత్రం తప్పనిసరి, అది లేకుండా 7కు వెళ్ళడం చాలా కష్టం. టెంపరేచర్ చార్ట్ చూసి 'రెండు రోజులు జ్వరం ఎక్కువగా ఉండి, మూడో రోజు నుంచి తగ్గుముఖం' అని షిఫ్ట్ మారేటప్పుడు తరువాతి సిస్టర్‌కు ఎలా చెబుతారో, ఆ వాక్యమే ఇంగ్లీషులో కావాలి.

టాస్క్ టూ వ్యాసం. ఇక్కడే మన చదువు మనకు అడ్డు. తెలుగు అయినా ఒడియా అయినా బడిలో వ్యాసం అంటే 'మానవుడు సంఘజీవి' దగ్గర మొదలుపెట్టి, ప్రాచీన కాలం మీదుగా వచ్చి, చివరి పేరాలో అసలు విషయం చెప్పి, కాబట్టి మనమందరం పాటుపడాలి అని ముగించేవాళ్ళం. మాస్టారు ఎర్ర ఇంకుతో గుడ్ అని పెట్టేవారు. ఈ పరీక్షలో ఎగ్జామినర్ ఆ ఉపోద్ఘాతాన్ని విషయానికి సంబంధం లేనిదిగా చూస్తారు. మొదటి పేరాలోనే ప్రశ్న ఏమిటో మీ మాటల్లో, మీ వైఖరి ఏమిటో సూటిగా చెప్పేయాలి, ఆ వైఖరి చివరి వాక్యం దాకా మారకూడదు.

ఉదాహరణకు ఇలా అడిగారనుకోండి: 'ప్రభుత్వం జబ్బులు నయం చేయడానికి ఎక్కువ ఖర్చు పెట్టాలని కొందరు, రాకుండా ఆపడానికి పెట్టాలని కొందరు అంటారు, రెండు వైపులా చర్చించి మీ అభిప్రాయం చెప్పండి.' ఇందులో మూడు పనులున్నాయి: ఒక వైపు, రెండో వైపు, మీ అభిప్రాయం. ఒకటి వదిలినా ఆ మేరకు బ్యాండ్ తగ్గుతుంది. మీరు నివారణ వైపు అనుకుందాం. అప్పుడు 'నివారణ మంచిది, చాలా ముఖ్యం, అందరూ పాటించాలి' అని ఒకే మాట మూడు రకాలుగా తిప్పి రాయడం కాదు. ఒడిశాలో 2017లో మొదలైన దమన్ కార్యక్రమం మీకు తెలుసు కదా, లోపలి ఊళ్ళకు వెళ్ళి జ్వరం లేనివాళ్ళకు కూడా మలేరియా పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చినవాళ్ళకు మందు ఇచ్చి, దోమతెరలు పంచడం. అది రాయండి. కొండ మీది పల్లె నుంచి రోగిని ఆసుపత్రికి దించడానికే పూట పట్టేచోట, జబ్బు రాకముందే పట్టుకుంటే ఎవరికి ఏం మిగులుతుందో రెండు వాక్యాల్లో చెప్పండి. ఒక పేరాకు ఒకే విషయం, దానికి కారణం, దానికి ఉదాహరణ, అంతే. మీ ఊరి ఉదాహరణ చిన్నదని సిగ్గుపడకండి, లండన్ ఉదాహరణ కావాలని ఎవరూ అడగలేదు. అదీగాక మీరు కళ్ళతో చూసినదాని గురించి రాస్తే పదాలు వాటంతట అవే వస్తాయి.

మార్కులు నాలుగు కొలతల మీద పడతాయి, నాలుగింటికీ సమాన విలువ: అడిగినదానికి పూర్తిగా జవాబు చెప్పారా, పేరాలు ఒకదానితో ఒకటి అతుక్కున్నాయా, పదాలు ఎంత సరిగ్గా వాడారు, వాక్యాలు ఎంత వైవిధ్యంగా, తప్పుల్లేకుండా ఉన్నాయి. కోచింగ్ సెంటర్లలో ఇచ్చే టెంప్లేట్లు, 'డబుల్ ఎడ్జ్‌డ్ స్వోర్డ్' లాంటి బట్టీ వాక్యాలు మొదటి కొలతలోనూ మూడో కొలతలోనూ ముంచుతాయి. బట్టీ పట్టింది ఎగ్జామినర్‌కు ఒక్క చూపులో తెలుస్తుంది, మీ మామూలు వాక్యం పక్కన అది పెళ్ళిచీర మీద ఆసుపత్రి ఏప్రన్ కట్టినట్టు ఉంటుంది. పదాల సంఖ్య తగ్గినా నష్టమే. కంప్యూటర్‌లో పదాల లెక్క స్క్రీన్ మీద కనిపిస్తుంది, స్పెల్ చెక్ మాత్రం ఉండదు. ఇంగ్లీషు టైపింగ్ చేతికి అలవాటు లేకపోతే ఇప్పటి నుంచే మొదలుపెట్టండి, ఫోన్‌లో బొటనవేళ్ళతో కొట్టే వేగం కీబోర్డ్ మీద పనికిరాదు.

గ్రామర్‌లో మనవాళ్ళు ఎక్కువగా వదిలేసేవి ఏ, యాన్, ది. తెలుగులో అవి లేవు, చెవికి లోటు తెలియదు. కానీ మీకు ఒడియా వచ్చు కదా, 'బహిటా' అన్నప్పుడు చివర వచ్చే టా కొంతవరకు ది చేసే పనే చేస్తుంది, ఫలానా పుస్తకం అని చూపిస్తుంది. ది వేయాలా వద్దా అని సందేహం వచ్చినచోట ఆ ఒడియా చెవితో ఒకసారి విని చూడండి, అన్నిచోట్లా కుదరదు గానీ చాలాచోట్ల దారి చూపుతుంది. క్రియ దగ్గర మూడో పురుషకు చివర 'ఎస్' అక్షరం, జరిగిపోయినదానికి 'ఈడీ', ఈ రెండూ చివర్లో రెండు నిమిషాలు పెట్టుకుని వెతికి సరిచేసుకోండి. 7 బ్యాండ్‌కు తప్పుల్లేని వాక్యాలు తరచుగా కనిపించాలి, అన్నీ తప్పుల్లేకుండా ఉండాలని కాదు. కాబట్టి మీకు పట్టు లేని పొడవాటి వాక్యాలు కట్టి కూలిపోకండి. చిన్న వాక్యాలు కొన్ని, బికాజ్, ఆల్దో, విచ్ లాంటివి పెట్టి కలిపినవి కొన్ని, అలా కలగలిపి రాయండి.

వ్యాసం రాసి ఎవరికీ చూపించకపోతే మాత్రం లాభం లేదు. వంద వ్యాసాలు చదివినా, మీ వ్యాసం మీద ఇంకొకరు పెన్ను పెట్టిన తరువాతే మీ తప్పులు మీకు కనబడతాయి. మీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన మేడమ్ ఎవరైనా బరంపురంలోనే ఉంటే మొహమాటపడకుండా అడగండి.

స్పీకింగ్‌కు ఎక్కువ రాయను. పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు, ఎదురుగా మనిషే ఉంటారు, కొన్నిచోట్ల వీడియో కాల్ మీద, మాటలు రికార్డ్ అవుతాయి. మొదటి భాగం నాలుగైదు నిమిషాలు: ఊరు, ఉద్యోగం, ఇల్లు, అలవాట్లు. రెండో భాగంలో ఒక కార్డు ఇస్తారు, దాని మీద ఒక విషయం, కొన్ని సూచనలు ఉంటాయి. ఒక నిమిషం ఆలోచించుకుని, కాగితం మీద పాయింట్లు రాసుకుని, ఒకటి రెండు నిమిషాలు మీరే మాట్లాడాలి. మూడో భాగం అదే విషయాన్ని పెద్దది చేసి చర్చ. కార్డులో పండుగ గురించి వస్తే బరంపురం ఠాకురాణి యాత్ర ఉంది, రాయగడ మజ్జిగౌరి గుడి దగ్గర చైత్రంలో జరిగే సందడి ఉంది. చూసిన ప్రదేశం అంటే గోపాల్‌పూర్ సముద్రం ఉంది, చంద్రగిరి దగ్గర జిరంగ్‌లో టిబెట్ బౌద్ధ మఠం ఉంది. పర్లాకిమిడి పిల్లలకైతే నేను ఇంకోటి చెబుతాను: తెలుగు ఇంట్లో పుట్టి ఒడియా బడికి ఎందుకు వెళ్ళారో చెప్పండి, 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మీ ఊరు ఎటు వెళ్ళిందో చెప్పండి, రెండు నిమిషాలు చాలవు! ఇవన్నీ తెలియని మనిషికి వివరిస్తున్నట్టు చెబితే అదే ఫ్లూయెన్సీ.

మన అమ్మాయిల ఇబ్బంది భాష కాదు, పొడి జవాబు. పెద్దవాళ్ళు అడిగితే ఎస్ సర్, నో సర్ అని తల వంచుకునే అలవాటు. ఇక్కడ ఎస్ అన్నాక ఎందుకో, ఎప్పుడో, ఒక చిన్న సంగతో కలపాలి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడగొచ్చు, తప్పులేదు. యాస మార్చుకోవద్దు, బ్రిటిష్ యాస తెచ్చిపెట్టుకుంటే నవ్వులాటగా ఉంటుంది, వాళ్ళు చూసేది మాట స్పష్టంగా తెలుస్తోందా లేదా అన్నదే. ఒక్కటి మాత్రం సరిచేసుకోండి. తెలుగు మాట చివర ఉ, ఒడియా మాట చివర ఒ, రెండూ మన నోట్లో ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషు మాటకు కూడా ఏదో ఒక అచ్చు అతికిస్తాం, బుక్కు, డెస్కు అంటూ. దాంతో మాట చివర వినిపించాల్సిన 'ఎస్', 'డి' అక్షరాలు మింగేస్తాం, వర్క్, వర్క్‌డ్ రెండూ ఒకేలా వినిపిస్తాయి. అప్పుడు ఉచ్చారణతో పాటు గ్రామర్‌లో కూడా మార్కు పోతుంది. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి.

నర్సు కాబట్టి ఓఈటీ గురించి కూడా చెప్పాలి. ఆరోగ్య రంగం వాళ్ళ కోసమే పెట్టిన ఇంగ్లీషు పరీక్ష అది, ఎన్‌ఎంసీ దాన్ని కూడా ఒప్పుకుంటుంది: లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో బి గ్రేడ్, రైటింగ్‌లో సి ప్లస్. అందులో రైటింగ్ అంటే కేస్ నోట్స్ చూసి ఇంకో డాక్టర్‌కో నర్సుకో ఉత్తరం రాయడం, స్పీకింగ్ అంటే పేషెంట్‌తో మాట్లాడే రోల్‌ప్లేలు రెండు. గ్రాఫులు, సమాజం మీద వ్యాసాలు ఉండవు. ఫీజు మాత్రం ఐఈఎల్‌టీఎస్ కన్నా బాగా ఎక్కువ. నా అభిప్రాయం అడిగితే, డ్యూటీలో ఉండి రోజూ కేస్ షీట్లు రాసేవాళ్ళకు ఓఈటీ రైటింగే తేలిక. ముందు రెండింటి శాంపిల్ పేపర్లు ఇంట్లో గడియారం పెట్టుకుని రాసి చూడండి, అధికారిక సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి. ఐఈఎల్‌టీఎస్ వ్యాసం 6 దగ్గరే తిరుగుతోందని మీ మేడమ్ అంటే ఓఈటీకి డబ్బు పెట్టండి.

మీ తమ్ముడి సంగతి. కెనడాకు చదువు కోసమైతే ఎక్కువ కాలేజీలు అకడమిక్ అడుగుతాయి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే కెనడా వలస పద్ధతిలో పీఆర్ కోసమైతే, అంటే అక్కడే స్థిరపడే అనుమతి కోసమైతే, జనరల్ ట్రైనింగ్. జనరల్‌లో రీడింగ్ రోజువారీ నోటీసులు, ఉద్యోగానికి సంబంధించిన కాగితాలు, చివర ఒక పెద్ద పాసేజ్. రైటింగ్ టాస్క్ వన్‌లో గ్రాఫ్ బదులు ఉత్తరం. తేలిక కదా అని సంబరపడొద్దని చెప్పండి, ఆ రీడింగ్‌లో 7కు నలభైలో సుమారు ముప్పై నాలుగు సరైనవి ఉండాలి. పీఆర్ పాయింట్లకు అందరూ లక్ష్యంగా పెట్టుకునే సీఎల్‌బీ (కెనడా వాళ్ళ భాషా కొలత) 9 రావాలంటే లిజనింగ్‌లో 8, మిగతా మూడింట్లో 7 ఉండాలి. అంటే వాడికి గండం లిజనింగ్‌లో ఉంది, మీకున్నట్టు రైటింగ్‌లో కాదు.

ఒక సెక్షన్‌లోనే తగ్గితే ఆ ఒక్కటే మళ్ళీ రాసే వన్ స్కిల్ రీటేక్ అని కంప్యూటర్ పరీక్షకు ఉంది, మొదటి పరీక్ష నుంచి అరవై రోజుల లోపల రాయాలి. మిమ్మల్ని తీసుకునే సంస్థ దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. స్కోరు విలువ రెండేళ్ళు, కాబట్టి మిగతా కాగితాలు సిద్ధం కాకముందే తొందరపడి రాయొద్దు.

సెంటర్ ఎక్కడ అంటే మీకు భువనేశ్వర్, విశాఖ రెండూ ఉన్నాయి. బరంపురంలో డ్యూటీ మధ్యలో అయితే భువనేశ్వర్ దగ్గర, సెలవు పెట్టి ఇంటికి వచ్చాక రాసేటట్టయితే రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖే సుఖం. ఏదైనా ముందు రోజే చేరుకోండి, నైట్ డ్యూటీ దిగి రైలెక్కి నేరుగా హాల్లోకి వెళ్ళే సాహసం చేయకండి.

పాస్‌పోర్ట్ ఒరిజినల్ లేకుండా లోపలికి రానివ్వరు, బుకింగ్‌లో పేరు అందులో ఉన్నట్టే ఉండాలి. మన వైపు ఇదొక పెద్ద చిక్కు: ఇంటి పేరు ఆధార్‌లో ముందు ఉంటుంది, ఒడిశా బోర్డు సర్టిఫికెట్‌లో చివర, నర్సింగ్ రిజిస్ట్రేషన్‌లో ఒక్క అక్షరంగా. ఇద్దరూ పరీక్ష ఫీజు కట్టకముందే అన్ని కాగితాలూ టేబుల్ మీద పరిచి స్పెల్లింగులు పోల్చి చూసుకోండి, తేడా ఉంటే సరిచేయించడానికి పట్టే టైమ్ పరీక్షకు చదివే టైమ్ కన్నా ఎక్కువే ఉండొచ్చు.